డాట్సన్ 240జెడ్: డీలరు బిగించిన సామాను అసలు ధర తేల్చుకున్న నా అనుభవం

పోయిన శుక్రవారం జపానులో తయారైన నా 1972 డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారుకు అగ్రీడ్ వాల్యూ బీమా పాలసీ చేతికి వచ్చింది. అందులో ఎయిర్ కండిషనర్, నాలుగు మ్యాగ్ (తేలికపాటి మిశ్రమ లోహపు) చక్రాలు, వెనుక తలుపు మీది లగేజీ ర్యాక్, పక్కల రబ్బరు పట్టీలు విడివిడిగా రాసి ఉన్నాయి. ఆ నాలుగు పంక్తులు పడడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అనవసరంగా పడ్డ మాట ఇంకా మనసులో మెదులుతూ ఉండగానే, ఇదే పనికి దిగబోయే మనవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నేను డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాను. పాత కారుకు మామూలు పాలసీ తీసుకుంటే, ప్రమాదంలో బండి పూర్తిగా పోయినప్పుడు అరుగుదల తీసేసి ఆనాటి విలువ కట్టి ఇస్తారు. స్టేటెడ్ వాల్యూ అనేది పేరుకు వేరుగా వినిపించినా, చాలా పాలసీలలో మనం చెప్పిన మొత్తం కంటే తక్కువ ఇచ్చే వీలు కంపెనీకి ఉంటుంది. అగ్రీడ్ వాల్యూలో మాత్రమే ఇద్దరూ ముందుగా ఒప్పుకున్న మొత్తం చేతికి వస్తుంది కాబట్టి నేను దానికే దరఖాస్తు పెట్టాను. ఫొటోలు, గ్యారేజీ వివరాలు, లైసెన్సు ఒక్క పూటలో అయిపోయాయి. అయితే విలువ కట్టే ఫారంలో, కారును మొదట అమ్మినప్పుడు దానికి ఉన్న అదనపు అమరికలు, వాటి అప్పటి ధర రాయమని ఒక గడి ఉంది. నా కష్టాలన్నీ ఆ గడి దగ్గరే మొదలయ్యాయి.

చాసీ నంబరు, సామాను జాబితా పంపితే ఆ కారు అసలు విండో స్టిక్కరును, అంటే కొత్త కారు అద్దానికి అంటించే ధరల చీటీని, మళ్లీ అచ్చు వేసి ఇస్తామని ఒక అమ్మకందారు ఆన్‌లైన్‌లో ప్రకటించుకున్నాడు. డబ్బు కట్టాను. పది రోజుల్లో చక్కని కాగితం వచ్చింది. అందులో ఎయిర్ కండిషనర్, చక్రాలు, ర్యాక్, పట్టీలు వరసగా, వాటి ఎదురుగా ధరలతో సహా ఉన్నాయి. ఆ ధరలు ఎక్కడివని నేను అడగలేదు. పాత రికార్డుల్లోంచి తీసి ఉంటాడని నమ్మాను.

బీమా కంపెనీ పంపిన అప్రైజరు, అంటే కారు విలువ కట్టే మనిషి, ఒక శనివారం ఉదయం మా ఇంటికి వచ్చాడు. నా భార్య, మా అబ్బాయి, పక్కింటి ఆయన కూడా గ్యారేజీలోనే ఉన్నారు. డాష్‌బోర్డు మీది పలకపై ఎచ్‌ఎల్‌ఎస్30తో మొదలయ్యే నంబరును, ఇంజనుకీ లోపలి సీట్లకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద కొట్టిన అంకెలను, డ్రైవరు తలుపు సందులోని తయారీ నెల పలకను అతను శ్రద్ధగా చూశాడు. అన్నీ కలిశాయి. అప్పుడు నేను సంతోషంగా ఆ స్టిక్కరును అతని చేతిలో పెట్టాను. ఒక నిమిషం చూసి, ఇది ఎక్కడిదని అడిగాడు. చెప్పాను. అసలు స్టిక్కరు మీద ఈ వస్తువులు ఉండే అవకాశమే లేదని, బీమా విలువ పెంచడం కోసం ఇలాంటి కాగితం చూపించడాన్ని మోసం అంటారని, ఈ దేశంలో ఈ కార్లను కొత్తగా ఉన్నప్పుడు చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారని అందరి ముందూ గొంతు పెంచి అన్నాడు. పక్కింటి ఆయన మెల్లగా తన ఇంటివైపు నడిచాడు. మా అబ్బాయి నా ముఖంలోకి చూస్తున్నాడు. నా భార్య దగ్గరకు వచ్చి, "ఏమండీ, ముందు ఆ కాగితం లోపల పెట్టేయండి" అంది. ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో పన్నులు కడుతూ, ఒక్క రూపాయి అబద్ధపు లెక్క చూపని నాకు ఆ మాట తగిలిన తీరు చెప్పలేను. తరవాత వచ్చిన నివేదికలో చక్రాలు, ఎయిర్ కండిషనర్ "అసలువి కాని మార్పులు" అని రాసి, వాటికి విలువ కట్టకపోగా కారు విలువలో కూడా కోత పెట్టాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక చట్టం చదివాను. అతని నోటి తీరు తప్పే కానీ, స్టిక్కరు గురించి అతను చెప్పింది నిజం. సెనేటరు మన్రోనీ పేరుతో పిలిచే ఆ స్టిక్కరును 1958 చట్టం తెచ్చింది. తయారీదారు, దిగుమతి కారైతే దిగుమతిదారు, దాన్ని అద్దానికి అంటించి పంపాలి. మూల ధర, డీలరుకు చేరే సమయానికి కారుకు బిగించి ఉన్న అదనపు వస్తువుల ధర, రవాణా ఖర్చు, మొత్తం అందులో ఉంటాయి. డీలరు తన షెడ్డులో బిగించినవి అందులోకి రావు. వాటికి డీలరు పక్కన మరో చీటీ అంటించుకునేవాడు, లేదా నేరుగా అమ్మకం బిల్లులో రాసుకునేవాడు. 240జెడ్‌లకు ఎయిర్ కండిషనర్ వేసింది డీలర్లే, మ్యాగ్ చక్రాలు వేసింది కూడా ఎక్కువగా వాళ్లే. అంటే నా కారు మీద ఉన్న సామానంతా మొదటి రోజు నుంచీ ఉన్నదే అయినా, ఫ్యాక్టరీ కాగితంలో దాని జాడ ఉండదు. ఆ అచ్చు కాగితం అమ్మినవాడికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. అలాంటి కాగితాన్ని గోడకు తగిలించుకోవడానికైతే కొనండి, ఏ అధికారి చేతికీ మాత్రం ఇవ్వకండి.

తరవాత ఒక డీలరు విడిభాగాల కౌంటరుకు వెళ్లాను, అక్కడి కుర్రవాడు కంప్యూటరులో నా కారు నంబరే లేదని చెప్పి తల తిప్పుకున్నాడు. పాత పత్రికల ప్రకటనలు, అప్పటి విడిభాగాల జాబితాలు కొన్నాను. వాటిలో ధరలు దొరుకుతాయి గానీ అవి వస్తువు ధరలు మాత్రమే, బిగించిన కూలీ అందులో కలవదు. పీటర్ బ్రాక్ రేసింగ్ బృందం తరఫున డ్రైవరు జాన్ మోర్టన్ 240జెడ్‌తో 1970లో, 1971లో వరసగా ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు) రేసుల్లో సి ప్రొడక్షన్ తరగతి జాతీయ టైటిల్ గెలిచాక ఈ కారుకు రేసు సామాను వేయించుకోవాలని అందరికీ ఆశ పుట్టింది. ఆ పోటీ సామాను జాబితాలోని అంకెలనే ఇప్పుడు కొందరు డీలరు ధరలుగా చెబుతారు, అది పొరపాటు.

దీనికి తోడు, ఈ కారు అమెరికాకు వచ్చిన కొత్తలో ధర 3,526 డాలర్లు. ఆ డబ్బుకు 2,393 సీసీ ఆరు సిలిండర్ల ఇంజను, రెండు కార్బ్యురేటర్లు ఉన్న స్పోర్ట్స్ కారు వస్తుంటే జనం వరస కట్టారు. కార్లు చాలక ఎదురుచూపుల జాబితాలు పెరిగేసరికి, చక్రాలు, ర్యాకు వేసిన బండే ఇస్తానని చెప్పి తన లాభం వాటిలో చూసుకున్న డీలర్లు ఉన్నారు. పైగా 1971 డిసెంబరులో డాలరుకు 360 యెన్లుగా ఉన్న మారకం 308కి మారడంతో జపాను సరుకు ధరలే కదిలాయి. కాబట్టి ఒక ఊరి డీలరు రాసిన ధర మరో ఊరి కారుకు సాక్ష్యం కాదు, ఒక ఏడాది ధర మరో ఏడాదికి సరిపోదు. మీ కారును అమ్మిన రోజు రాసిన బిల్లు ఒక్కటే పనికి వస్తుంది.

ఆ బిల్లు కోసం మొదటి యజమానిని పట్టుకోవాలి. వాహన శాఖ పాత యజమానుల వివరాలు నాలాంటివాళ్లకు ఇవ్వదు, 1994 నాటి గోప్యత చట్టం అందుకు అడ్డం. అందుకని నాకు కారు అమ్మినాయనకు ఫోను చేశాను. ఆయన తనకు అమ్మినవాళ్ల పేరు చెప్పాడు. మూడో చెయ్యి దాకా వెళ్లేసరికి, కారును కొత్తగా కొన్నాయన కూతురు దొరికింది. డెబ్బై దాటిన ఆవిడకు నేను చేత్తో ఉత్తరం రాసి, కారు ఫొటో జతచేసి పంపాను. మూడు వారాల తరవాత ఒక కవరు వచ్చింది. అందులో వాళ్ల నాన్నగారు దాచుకున్న అమ్మకం బిల్లు పసుపు రంగు కార్బన్ నకలు ఉంది.

చాసీ నంబరు అంకెకు అంకె కలిసింది. కింద అదనపు సామాను గడిలో చక్రాలు 188, ర్యాకు 37.50, పట్టీలు 28 డాలర్లని స్పష్టంగా ఉంది. ఎయిర్ కండిషనర్ ఎదురుగా మధ్య అంకె చెదిరిపోయి 335గానో 385గానో కనిపిస్తోంది. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు వర్కుషాపు నడిపారు. కార్బన్ నకలులో అంకె చెదిరితే కంటిని నమ్మవద్దనీ కూడిక చూసుకోమనీ ఆయన నాకు బిల్లు పుస్తకాల మీదే నేర్పారు. కింద మొత్తం 638.50 అని ఉంది. 335 అయితే మొత్తం 588.50 రావాలి, 385 అయితేనే 638.50 వస్తుంది. అన్ని నెలల తరవాత ఆ కూడిక సరిపోయినప్పుడు బల్ల ముందే కూర్చుని మళ్లీ నాలుగుసార్లు కూడాను.

కాగితం ఒక్కదానితో ఆగలేదు. లగేజీ ర్యాక్ విప్పి, దాని పాదాల కింద రబ్బరు దాచిన చోట మొదటి రంగు మెరుపు తగ్గకుండా ఉండడం, చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసి ఉండడం దగ్గరగా ఫొటోలు తీశాను. ర్యాకు కారు కొత్తగా ఉన్నప్పుడే బిగించారనడానికి ఆ నాలుగు గుండ్రటి మచ్చలు మంచి సాక్ష్యం. మీరు ఈ పనిలో ఉంటే, రంగు వేయించక ముందే ఈ ఫొటోలు తీసిపెట్టుకోండి, వేయించాక దేవుడు దిగివచ్చినా అవి తిరిగి రావు.

మొదటి నివేదిక మీద అభ్యంతరం రాసి, వేరే అప్రైజరును అడిగాను. ఈసారి వచ్చినావిడ గంటన్నర కూర్చుంది. బిల్లును కాంతికి పెట్టి చూసి, కూడిక తనే వేసుకుంది. అప్పటి ధర ఇప్పటి విలువ కాదని, విలువ ఇప్పటి అమ్మకాలను బట్టే కడతామని, ఆ బిల్లు ఆ సామాను మొదటి అమ్మకంలో భాగమని రుజువు చేస్తుందని నెమ్మదిగా వివరించింది. కోత తీసేసి, నాలుగు వస్తువులనూ "మొదటి అమ్మకంలో డీలరు బిగించినవి" అని రాసింది. ఆ నివేదిక వచ్చిన రోజు నేను దాన్ని పట్టుకుని పక్కింటి ఆయన తలుపు తట్టి చూపించాను.

అసలు బిల్లును పెద్దావిడకే తిరిగి పంపుతానంటే ఆవిడ వద్దంది, అది కారుతోనే ఉండాలంది. దాని రంగు నకలు ఒకటి, ఇప్పటి కారు ఫొటో ఒకటి నిన్న ఆవిడకు పోస్టులో వేశాను.