ఏడోసారి కాల్చిన పన్ను

నెల్లూరు పొగతోటలో ఒక చిన్న డెంటల్ ల్యాబ్‌లో సెరామిక్ పని నేర్చుకుంటున్న రోజులవి. పై వరసలో ముందు పన్నుకి కేసు వచ్చింది. మెటల్ మీద పింగాణీ, షేడ్ (పన్ను రంగు) ఏ2. ముందు పళ్ల కేసు నా చేతికివ్వడం అదే మొదలు.

నికెల్ క్రోమియం కాపింగ్ (లోపలి లోహపు తొడుగు) మీద, మెటల్ రంగు కనిపించకుండా కప్పే ఓపేక్ రెండు కోట్లు వేసి, రెండుసార్లు కాల్చాను. పైన పన్ను లోపలి పొరకి డెంటిన్ పొడి, బయటి పొరకి ఎనామెల్ పొడి. కాలితే బాగా కుంచించుకుపోతుంది కాబట్టి తడి పొడిని అసలు పన్నుకంటే పెద్దగా కట్టాలి. అయినా లోటు పడితే పూడ్చి ఇంకోసారి. మొత్తం నాలుగు ఫైరింగులు, మా పొడికి ప్రతిదీ 900 డిగ్రీల పైనే.

ట్రయల్‌కి పంపితే "కొంచెం ముదురుగా ఉంది" అని వెనక్కొచ్చింది. కాస్త అరగదీసి, ఎనామెల్ వేసి కాల్చాను. ఈసారి పక్క పన్నుకి ఆనడం లేదట. మళ్లీ పొడి, మళ్లీ ఫర్నేస్. ఆఖరికి పైన మెరుపు కోసం గ్లేజ్. అది ఏడోది.

ట్రే కిందికి దిగగానే గుండె జారింది. బర్‌తో (అరగదీసే చిన్న ముల్లుతో) పదునుగా తీర్చిన మూలలు చప్పరించిన పిప్పరమెంటులా నున్నగా గుండ్రబడ్డాయి. రంగులో జీవం పోయి, గాజులా, బూడిద ఛాయలో ఉంది. ట్యూబ్‌లైటు కింద తిప్పితే చిగురు వైపు వెంట్రుకంత గీత.

పొడి మంచిది కాదన్నాను. సీనియర్ అన్న వినలేదు.

"ఎన్నిసార్లు కాల్చినావు రా అబ్బయ్యా?"

వేళ్లు లెక్కపెట్టి చెప్పాను.

"పాకం ముదిరినాక వెనక్కొస్తాదా?"

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఈ పింగాణీకి మూలం ఫెల్డ్‌స్పార్, మన సైదాపురం వైపు తవ్వే రాయే. కాలితే గాజవుతుంది, అందులో లూసైట్ అనే సన్నని స్ఫటికాలుంటాయి. వేడికి పింగాణీ వ్యాకోచం మెటల్‌కి దగ్గరగా ఉండేది వాటివల్లే. పదేపదే కాల్చితే వాటి పాళ్లు మారతాయి. ఇక చల్లారేటప్పుడు మెటల్ ఒక తీరుగా, పింగాణీ ఒక తీరుగా ముడుచుకుంటే గీత పడక ఏమవుతుంది? ప్రతిసారీ గాజు మెత్తబడి కాస్త కారుతుంది, అందుకే మూలలు గుండ్రబడతాయి. అడుగున మెటల్ ఆక్సైడ్ పొర మందమైతే పట్టు కూడా తగ్గుతుంది. ఒకటి రెండు ఎక్కువైతే మామూలుగా తట్టుకుంటుంది. నేనేమో ప్రతి తప్పునీ ఫర్నేసే దిద్దుతుందనుకున్నాను.

కాపింగ్‌తో సహా కొత్తగా చేశాం. నేనే క్లినిక్‌కి వెళ్లి, పేషెంటమ్మని పొద్దున కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, పళ్లు ఆరిపోకముందే షేడ్ గైడ్ (రంగు నమూనా పళ్లు) పెట్టి చూశాను. అది ఏ1, ఏ2 కంటే లేత రంగు! కేసుతో వచ్చిన స్లిప్పు మీద రాసిందే తప్పు. దానికి నేను రెండు ఫైరింగులూ ఒక వారం నిద్రా పోగొట్టుకున్నాను.

ఓపేక్ రెండు, డెంటిన్ రెండు, గ్లేజ్ ఒకటి. ఐదింటితో అయిపోయింది. ఇప్పుడు ప్రతి కేసు స్లిప్పు వెనకా ఫైరింగుకొక గీత పెడుతున్నాను. ఆరో గీత పెట్టాల్సొస్తే ముందు డాక్టరుకి ఫోన్ చేస్తాను.