40 రంధ్రాల రిమ్ము

నాన్న పక్కన పడేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండిని మళ్లీ రోడ్డెక్కించే పనిలో ఇది మూడో నెల. ఇంజన్ పనయింది, ఇప్పుడు చక్రాలు. ముందు టైరు సైజు 90/90-19, వెనకది 110/90-18, రెండు చక్రాలూ స్పోకులవే.

పలాస నుంచి వస్తుంటే టెక్కలి దాటాక వెనక టైరులో మేకు దిగింది. ట్యూబు కదా, గాలంతా ఒక్కసారే పోయి బండి తోక ఊపింది. కిలోమీటరున్నర తోసుకెళ్లాను. అంతకు ముందే తమ్ముడి పల్సర్‌కీ మేకు దిగింది. వాడిది అలాయ్ చక్రం, ట్యూబ్‌లెస్. మేకు పీకకుండా నరసన్నపేటలో ఒకసారి గాలి కొట్టించి, ఇంటికొచ్చి పది నిమిషాల్లో రబ్బరు పుల్ల దూర్చేశాడు. కుళ్లుకున్నాను, నిజం.

రెండో వారం ఆ కుళ్లుతోనే నా చక్రాన్ని ట్యూబ్‌లెస్ చేయబోయాను. స్పోకు బిగించే ప్రతి నిపుల్ దగ్గరా రిమ్ముకి రంధ్రమే, మొత్తం 40. ఒక్కొక్కటీ పెట్రోల్‌తో తుడిచి, సిలికాన్ పూసి, ఒక రోజంతా ఆరబెట్టాను. ట్యూబ్‌లెస్ వాల్వ్ బిగించి రాత్రి 30 పీఎస్ఐ కొడితే తెల్లారేసరికి 11. సబ్బు నీళ్లు పోస్తే ఐదు చోట్ల బుడగలు.

చక్రం పట్టుకుని శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పంచర్ షాపుకి వెళ్లాను. ఆయన బుడగల సంగతి అడగనే లేదు. రిమ్ము లోపల వేలితో తడిమి, “కన్నాలు మూసీసినావు సరే బావూ, గట్టేదీ?” అన్నాడు. తమ్ముడి చక్రం చూపించాకే అర్థమైంది. టైరు అంచు కూర్చునే చోటు పక్కన సన్నటి గట్టుంది. గాలి తగ్గినా అంచు జారకుండా ఆపేది అదే. నా రిమ్ముకి అది లేదు. మలుపులో గాలి తగ్గితే టైరు అంచు రిమ్ము మధ్య గాడిలోకి జారిపోవచ్చు. గట్టున్న రిమ్ముల మీద సైజు పక్కన ఎంటీ (MT) అని అచ్చుంటుంది. నాది వెతికాను, లేదు. గాలి కారడం ఎలాగోలా ఆపొచ్చేమో గానీ గట్టు నేను పుట్టించలేను.

స్పోకులుండీ ట్యూబ్‌లెస్ అయ్యే చక్రాలూ వస్తున్నాయి, స్పోకుని రిమ్ము అంచుకి కడతారు. వాటి ఖరీదు విన్నాక నాన్నకి చెప్పలేదు.

మూడో వారం సిలికాన్ గీకడంతోనే సరిపోయింది. కొత్త రిమ్ము టేపు, కొత్త ట్యూబు, టీటీ (TT), అంటే ట్యూబు వేసేదని రాసున్న టైరు వేశాను. ట్యూబుకి పౌడర్ రాసి, కొంచెం గాలి పట్టించి లోపల పెడితే మడత పడదు. మొదటిసారి టైరు ఊడదీసే లివర్‌తో ట్యూబు నేనే కొరికేశాను. టైరు విప్పి బిగించడానికి అప్పుడు గంటా యాభై నిమిషాలు, రెండోసారి 55, నిన్న 40.

తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు. మొన్న గోతిలో పడి వాడి అలాయ్ అంచు వంగింది, గాలి నిలవడం లేదు. ఇప్పుడు దాని లోపల ట్యూబు వేయించుకుని తిరుగుతున్నాడు.

సీటు కింద సంచిలో రెండు లివర్లు, స్పానర్లు, వెనక ట్యూబు, చిన్న పంపు సర్దాను. ముందు చక్రానికి 19 ట్యూబు ఇంకా కొనాలి.