సీజను లేని నెలల్లో అరకు

అరకులో పర్యాటకులను నమ్ముకున్న చిన్న వ్యాపారాలకు అక్టోబరు నుంచి జనవరి దాకానే అసలైన సీజను. ఆ నాలుగు నెలల రాబడే ఏడాదంతా ఇల్లు నడపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా ఆ సీజను మొదట్లోనే విరుచుకుపడింది. 2020 మార్చి చివర మొదలైన లాక్‌డౌనులో రైళ్లే ఆగిపోయాయి. ఈ రెండు దెబ్బల తరువాతా అక్కడి చిన్న వ్యాపారులు తిరిగి నిలదొక్కుకున్న తీరును విశాఖ నుంచి వెళ్లి వస్తూ గమనించాను. ముందుగా ఆదుకున్నది బ్యాంకు కాదు, పరిచయాలు అని నా అభిప్రాయం.

బొంగు చికెన్ సంగతే చూడండి. అది వెదురు బొంగులో కోడిమాంసం పెట్టి కాల్చే గిరిజనుల పాత వంట. అయితే దాన్ని రోడ్డు పక్కన అమ్మాలంటే వెదురు కొట్టి తెచ్చేవారు, నాటుకోళ్లు పెంచేవారు, కట్టెలు ఇచ్చేవారు, కిరాణా కొట్టువారు అందరూ కలిసిరావాలి. చేతిలో డబ్బు లేని నెలల్లో ఆ సరుకంతా అరువు మీదే నడుస్తుంది. "అమ్మాక ఇద్దువుగానిలే" అనే మనిషి ఉన్నప్పుడే కొత్త వంటకాన్ని బల్ల మీద పెట్టి చూసే ధైర్యం వస్తుంది.

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, చట్టం కూడా ఇటువంటి సంబంధాలను తప్పనిసరి చేసింది. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనలేరు కాబట్టి, బయటి నుంచి ఎంత పెట్టుబడి వచ్చినా స్థలం మాత్రం స్థానికులదే. లాక్‌డౌను సడలిన తరువాత మూసిన గదులంటే భయపడిన జనం పాడేరు దగ్గరి వంజంగి కొండకు మేఘాలు చూడటానికి ఎగబడినప్పుడు ఈ సంగతి బాగా కనబడింది. పొలం ఒకరిది, విశాఖ నుంచి అద్దెకు తెచ్చిన టెంట్లు మరొకరివి, తెల్లవారుజామున కొండ దగ్గరకు చేర్చే జీపు ఇంకొకరిది, వంట ఆ ఊరి ఆడవాళ్లది. ఒప్పంద పత్రాలు రాసుకుని మొదలుపెట్టవలసి వస్తే ఆ సీజను కాస్తా గడిచిపోయేదే.

అయితే బంధుత్వాల వల్ల అన్నీ మంచే జరుగుతాయని అనను. ఒకరు టెంటు వేస్తే పదిమందీ టెంటే వేస్తారు, ఒకరు ధర తగ్గిస్తే అందరూ తగ్గిస్తారు, కొండ మీద పేరుకుపోయే ప్లాస్టిక్కు గురించి బావమరిదిని నిలదీయడానికి ఎవరికీ నోరు రాదు. కొత్త ఆలోచన చాలాసార్లు ఊరికి కాస్త దూరపు పరిచయం నుంచి వస్తుంది, ముఖ్యంగా పర్యాటకులను తీసుకొచ్చే కారు డ్రైవర్ల నుంచి. కమీషను కోసమే వస్తారని వాళ్లను తేలిగ్గా తీసిపారేస్తాం గానీ, బేరం కుదరక వెనుదిరిగినవారు ఏమి అడిగారో తెలిసేది వాళ్లకే.

నాకు తెలిసిన ఒక చిన్న హోటలు యజమానికి కాఫీ పూల ఆలోచన ఇచ్చింది అలాంటి డ్రైవరే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఆయన దగ్గరకు వచ్చేవారిలో తోటలోకి అడుగుపెట్టినవారు తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే వారం పది రోజులకు కాఫీ చెట్లు తెల్లగా విరగబూస్తాయి, తోటంతా మల్లెల వాసన వేస్తుంది. రెండు మూడు రోజుల్లోనే ఆ పూలు వాడిపోతాయి. అంటే ముందే తేదీ ప్రకటించి బుకింగులు తీసుకునే వీలు లేదు. మొగ్గ తెల్లబడగానే తోట ఉన్న చుట్టం హోటలుకు ఫోను చేస్తాడు, హోటలాయన డ్రైవరుకు చెబుతాడు, డ్రైవరు తన పాత ప్రయాణికులకు కబురు పెడతాడు. బేరమే లేని వేసవిలో గదులు నిండుతున్నాయి. వచ్చిన డబ్బులో తోట రైతుకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం వాళ్లు ఇప్పటికీ ప్రతిసారీ కూర్చుని తేల్చుకుంటున్నారు.