పాత బండి హీటర్ కోర్ ఎవరూ కడగనంటే మేమే కడిగాం – నా అనుభవం

నిన్న సాయంత్రం మా బండి డాష్‌బోర్డు లోంచి వేడి గాలి వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టి ఉంచలేనంత వేడి. వైజాగ్‌లో వేడి గాలికి సంబరమేంటి అనేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా, ఆ మాట విని విని నాకు ఒళ్ళు మండిపోయి ఉంది.

బండి 2007 మోడల్, డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పోయిన చలికాలం అమ్మని తీసుకుని లంబసింగి వెళ్ళాం. తెల్లారకముందే ఘాట్ ఎక్కుతుంటే ముందు అద్దం లోపలంతా ఆవిరి పట్టేసింది, హీటర్ నాబ్ ఎర్రరంగు వైపు ఆఖరి దాకా తిప్పినా చల్లగాలే. ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటూ, పక్క అద్దాలు దించుకుని, ఎదర రోడ్డుందో లోయుందో తెలీకుండా నడిపాను. అమ్మకి పట్టిన దగ్గు ఎన్నాళ్ళకీ వదల్లేదు. ఇంకోపక్క ఎండాకాలంలో అనంతగిరి ఘాట్ ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయేది. వేడెక్కాల్సింది వేడెక్కదు, చల్లబడాల్సింది చల్లబడదు. రెండూ ఒకటే జబ్బని అప్పటికి ఎవరూ చెప్పలేదు.

హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉండే బుల్లి రేడియేటర్, అంతే. ఇంజిన్ వేడి నీళ్ళు ఒక పైపులో వచ్చి ఇంకో పైపులో తిరిగి వెళ్తాయి, దాని మీంచి ఫ్యాన్ గాలి కొడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక నాబ్ వేడి వైపు పెట్టి, ఇంజిన్ ఆపి, లోపలికి వెళ్ళే ఆ రెండు హోసుల్నీ ముట్టుకుని చూడండి. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడిపోయిందనో, హీటర్ వాల్వు తెరుచుకోవట్లేదనో లెక్క. మాది వాల్వు బానే తిరుగుతోంది.

ఇది పట్టుకుని ఒక పెద్ద షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రి బోనెట్ కూడా ఎత్తకుండా అక్కడున్న కస్టమర్లందరికీ వినపడేలా, "విశాపట్నంలో హీటరేటి బాబూ, రొయ్యలెండబెడతావేటి?" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు, టీ తాగుతున్న డ్రైవర్లు నవ్వారు, నా వెనకాల నిలబడినాయన కూడా నవ్వాడు. అమ్మ బండిలో కూర్చుని అంతా వింటోంది. నేను అద్దం సంగతి చెప్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "రెండు పైపులూ ఒకదానికొకటి కలిపేస్తాను, అయిదు నిమిషాల పని, ఇంక కోర్ గొడవే ఉండదు" అన్నాడు. మన్యం పక్కనే పెట్టుకుని, చలికాలం వస్తే ఊరు ఊరంతా అరకు, లంబసింగి పరిగెత్తే ఊళ్ళో ఉండి, అద్దం మీద మంచు పోగొట్టే సామాను పీకి పారెయ్యమనడం తెలివా? ఇంకో షెడ్డాయన మర్యాదగానే మాట్లాడాడు గానీ డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, కొత్త కోర్ వెయ్యాలి అన్నాడు. కడిగి చూడొచ్చు కదా అంటే కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టేస్తానన్నాడు. మా రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంది, అంటే ఆ సిస్టమ్ తట్టుకునేది ఒక బార్ లోపు ప్రెషర్. టైర్లకి కొట్టే గాలి తెచ్చి దాంట్లో కొడితే కోర్ అతుకులు విడిపోయి నీళ్ళన్నీ కాళ్ళ దగ్గర కారతాయి. అక్కణ్ణించి వచ్చేశాను.

షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా మావయ్యకి చెప్తే, "ఓడల్లోనే కడిగాం అల్లుడూ, ఇదెంత, ఆదివారం తీసుకురా" అన్నాడు.

చల్లారిన ఇంజిన్ మీద రేడియేటర్ కింది హోసు విప్పి తొట్టిలోకి నీళ్ళు దించేశాం. హీటర్ హోసులు ఏళ్ళ తరబడి అతుక్కుపోయి ఉంటే మావయ్య మెలి తిప్పనివ్వలేదు, తిప్పితే కోర్ ముక్కు, అంటే హోసు తొడిగే గొట్టం, విరిగిపోతుందట, బ్లేడుతో నిలువునా చీరి తీసి కొత్తవి వేశాడు. హోసుల ఖర్చుకి ఏడవకండి, ముక్కు విరిగితే నిజంగానే డాష్‌బోర్డు విప్పాలి.

తర్వాత నాబ్ వేడి వైపే ఉంచి, నీళ్ళు బయటికి వచ్చే ముక్కులోంచి ఎదురు తిప్పి పట్టాం, కుళాయి పైపు సన్నధారతో. కాసేపు చుక్కలు చుక్కలుగా కారింది, తర్వాత భళ్ళుమని పసుపుపచ్చటి మడ్డి, చింతపండు గుజ్జులా చిక్కగా. మావయ్య వేళ్ళతో నలిపి చూసి పసుపు అన్నాడు. రేడియేటర్ కారితే పసుపు పోసి నడిపేస్తారు కదా, పాత ఓనరో అతని డ్రైవరో ఆ పనే చేశారు. కారడం ఆగింది సరే, ఆ పసుపు, తుప్పు, బోరు నీళ్ళ ఉప్పు అన్నీ కలిసి సన్నటి దారులున్న చోటికే చేరాయి. రోడ్డు మధ్యలో ఇరుక్కుంటే పొయ్యండి, తప్పులేదు, కానీ ఇంటికొచ్చాక కడిగించాలి, పక్కవాడికి అమ్మేసి చేతులు దులుపుకోకూడదు.

గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కొంచెం కలిపి కోర్‌లో నింపి అరగంట ఉంచి, అటొకసారి ఇటొకసారి మార్చి మార్చి తేటగా వచ్చేదాకా కడిగాం. అల్యూమినియం కోర్ అయితే ఎక్కువసేపు ఉంచొద్దు, తినేస్తుంది. రేడియేటరూ ఇలాగే, ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో.

అప్పుడు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) చూద్దామని విప్పితే గూడు ఖాళీ! మన ఎండలకి అక్కర్లేదని ఎవరో పీకేశారు. అది లేకపోతే ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు, డీజిల్ తాగుతుంది, హీటర్ గాలి నులివెచ్చగానే ఉంటుంది. కొత్తది 82 డిగ్రీలకి తెరుచుకునేది తెచ్చి, పాత గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేసి, నోరు తెరుస్తోందని చూశాకే బిగించాం.

కూలెంట్ (ఇంజిన్ చల్లబరిచే నీళ్ళలో కలిపే ద్రవం) సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోసి స్టార్ట్ చేస్తే మళ్ళీ చల్లగాలే. నా ప్రాణం ఉసూరుమంది. మావయ్య మాత్రం కంగారు పడలేదు, గాలి ఇరుక్కుందన్నాడు. ఇంజిన్ చల్లారనిచ్చి, మాధవధార వాలు రోడ్డు మీద బండి మూతి పైకి ఉండేలా పెట్టి, రేడియేటర్ మూత తీసి, హీటర్ వేడి మీద ఉంచి స్టార్ట్ చేశాం. బుడగలు వస్తూ వస్తూ ఆగాయి, లెవెల్ తగ్గింది, పోశాం, లోపల గాలి ఒక్కసారిగా వేడెక్కింది. వేడి ఇంజిన్ మీద మాత్రం మూత తియ్యకండి, మొహం కాలిపోతుంది.

దించిన కూలెంట్‌ని కాలవలో పారబొయ్యకండి దయచేసి. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకి కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మేం క్యాన్‌లో పోసి మూత బిగించాం.

ఇప్పుడు కూలెంట్ ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టాను, ఇవాళ పొద్దున్నకి తగ్గలేదు. వచ్చే ఆదివారం ఏసీ వేసుకుని అనంతగిరి ఎక్కిస్తాను, ముల్లు సగం దాటితే మళ్ళీ రాస్తాను.