ఎకరా బీడులో ఎన్ని జీవాలు బతుకుతాయి?

ఎకరాకు ఎన్ని గొర్రెలు మేపొచ్చని అడిగితే ఠక్కున ఒక అంకె చెప్పేస్తారు. అది ఏ ఊరి బీడుదో, ఏ నెలలో కొలిచిందో మాత్రం చెప్పరు.

ఐర్లండ్‌లో బాగా చూసుకునే పచ్చిక ఏడాదికి హెక్టారుకు 12–14 టన్నుల ఎండుమేత ఇస్తుంది. అక్కడి వాన అనంతపురం వానకు రెండింతలు, అంతే. కానీ అది ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా పడుతుంది. ఎండ పలచన కాబట్టి పడిన నీళ్లు గడ్డికే దక్కుతాయి. అనంతపురంలో సగటు వాన 550 మి.మీ. చిల్లర. ఎండా గాలీ కలిసి ఆవిరి చేయగల నీళ్లు దానికి మూడింతల పైమాటే. ఇలాంటి మెట్ట సీమల్లో ఒక మి.మీ. వానకు హెక్టారుకు సుమారు 4 కిలోల ఎండుమేత వస్తుందని మోటు లెక్క. హెక్టారంటే రెండున్నర ఎకరాలు, కాబట్టి మనకు ఎకరాకు 880 కిలోలు. మేసి మేసి గరుసు తేలిన బీడులో మి.మీ.కు కిలో కూడా కష్టమే, ఎకరాకు 220 కిలోలు. వాన అదే, మేత నాలుగో వంతు. ఈ తేడా ఆకాశానిది కాదు, నేలది.

నేలలోనూ ఒక తిరకాసు ఉంది. పది మి.మీ. జల్లు పడితే ఎర్రనేలలో అది వేళ్ల దాకా దిగుతుంది. కర్నూలు వైపు నల్లరేగడిలో పైపైనే తడిసి మర్నాటికి ఆరిపోతుంది. గట్టి వాన పడితే మాత్రం రేగడిదే పైచేయి. వానలు ఆగాక కూడా అక్కడ గడ్డి ఇంకొన్ని వారాలు పచ్చగా నిలుస్తుంది.

కాబట్టి ఎవరి బీడు వాళ్లే కొలుచుకోవాలి. సన్న ఇనుప చువ్వను మీటరుకు మీటరు చదరంగా వంచుకోండి. గడ్డి పూత మీద ఉన్నప్పుడు, అంటే సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో, బీడుకు అడ్డంగా నడుస్తూ యాభై అడుగులకొకసారి చదరాన్ని చూడకుండా వెనక్కి విసరండి. కనీసం పది చోట్ల వేయాలి. చూసి వేస్తే చెయ్యి తెలియకుండానే గుబురున్న చోటికి పోతుంది, లెక్క ఉబ్బుతుంది. చదరంలోని గడ్డిని నేలకు రెండంగుళాలు వదిలి కోయండి. తంగేడు, వయ్యారిభామ ఏరి పారేయండి. మిగిలింది గుడ్డమీద పరిచి, వరుసగా రెండు రోజులు ఒకే తూకం వచ్చేదాకా ఎండబెట్టండి. పచ్చిగా తూచడమే అందరూ చేసే తప్పు. లేతగడ్డిలో మూడొంతులకు పైగా నీళ్లే, ఆ తూకం నమ్మితే మందను నాలుగింతలు చేసినట్టే.

చదరానికి వచ్చిన సగటు గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరాకు కిలోలు. 110 గ్రాములొస్తే 440 కిలోలు. అందులో జీవాలకు సగమే, 220. ముప్పై కిలోల గొర్రెకు రోజుకు కిలో ఎండుమేత కావాలి. నలభై గొర్రెలు నాలుగు నెలలు మేయాలంటే 4,800 కిలోలు, అంటే 22 ఎకరాలు. ఈ అంకె చూసి చాలామందికి గుండె జారుతుంది. జారినా ఫర్వాలేదు, నిజం అదే.

వదిలే సగం వృథా పోదు. ఆ మొదళ్లే వేళ్లకు బలం, చినుకు దెబ్బకు అడ్డం. నున్నగా నాకించేస్తే ఏటేటా చిగిర్చే మంచి గడ్డి చచ్చి, జీవాలు మూతి పెట్టని చీపురు గడ్డి ఎక్కుతుంది. బీడు దిగజారుతోందనడానికి మొదటి గుర్తు అదే.

ముంగారు మొదటి పదునుకే మంద తోలడం ఇంకో దెబ్బ. అప్పుడు గడ్డి వేళ్లలో దాచుకున్నది ఖర్చుపెట్టి చిగురేస్తోంది. జానెడు ఎదిగేదాకా ఆగాలి. ఆ నాలుగైదు వారాలకు శెనిక్కట్టె, అంటే కాయలు తీసేసిన వేరుశెనగ ఎండుకట్టె, వామి దాచుకోవాలి. లేత పచ్చిక ఒక్కసారిగా ఎక్కువ తింటే గొర్రెను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం కూడా వస్తుంది, టీకా వానలకు ముందే వేయించాలి.

రాశి ఉన్నంత మాత్రాన మేత ఉన్నట్టు కాదు. విత్తనం రాలాక గడ్డిలో మాంసకృత్తులు 7 శాతం కంటే తగ్గుతాయి. అప్పుడు కడుపులో అది అరగడానికే ఆలస్యమవుతుంది, గొర్రె తినడం తగ్గిస్తుంది. డొక్క నిండుగా కనిపిస్తుంది, వెన్నుపూస చేతికి తగులుతుంది. ఫిబ్రవరి నుంచి సాయంత్రం గొర్రెకు పావుకిలో శెనిక్కట్టె, దొరికితే తుమ్మకాయలు వేస్తే ఆ ఎండుగడ్డే మళ్లీ ఒంటికి పడుతుంది.

బీడులోనే పప్పుజాతి మేత కావాలంటే స్టైలో హమాటా. విత్తనం పెంకు గట్టిది, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకోవాలి. ఎకరాకు రెండు రెండున్నర కిలోలు చాలు. పైపైన గీరి చల్లాలి, సెంటీమీటరు కంటే లోతు పోకూడదు. మొదటి ఏడాది జీవాలను అందులో దించొద్దు, రాలిన విత్తనమే రెండో ఏటి పైరు.