డాబా మీద ముగ్గురం
నిన్న రాత్రి సత్యనారాయణపురంలో మా డాబా ఎక్కాం, నేను శాక్సాఫోన్, ఒకాయన మృదంగం, ఇంకో తమ్ముడు బేస్ గిటార్, ముందు అనుకున్నదేం లేదు, రాగం లేదు తాళం లేదు, ఒకళ్లనొకళ్లు వింటూ వాయించుకుంటూ పోవడమే. 1959లో అమెరికన్ జాజ్ శాక్సాఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే జాజ్ క్లబ్బులో పియానో లేకుండా తనతో కలిపి నలుగురితోనే వాయించాడు కదా, కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వేసి దారి చూపించేవాళ్లు లేకపోతే పక్కనోళ్లని ఎంత వినాలో నిన్నే అర్థమైంది నాకు. ఇంగ్లండ్ గిటారిస్ట్ డెరెక్ బెయిలీ అయితే 1976లో ‘కంపెనీ’ అని ఇలా అప్పటికప్పుడు వాయించే బృందం మొదలుపెట్టి అందులో మనుషుల్ని మారుస్తూనే వచ్చాడు. నాకైతే ఈ ఇద్దరే కావాలి.

ఒకచోట మృదంగం ఆగిపోయింది, నేనూ ఊదలేదు, అంతలో దూరంగా రైలు కూత, తమ్ముడు బేస్ మీద అదే శ్రుతి పట్టేశాడు, ఒళ్లు జలదరించింది అసలు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.