ఏఆర్టీ (హెచ్ఐవీ) మందులు సరిగ్గా వేసుకుంటున్నా బరువు తగ్గిపోయా – నా అనుభవం

నాకు హెచ్ఐవీ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, గుంటూరులో జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతున్నా. ఇది ముఖ్యంగా మందులు వేసుకుంటూ బాగానే ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా, ఎందుకంటే చిక్కిపోవడం అనేది మందుల్లేని రోజుల నాటి సంగతి అని మనలో చాలామందికి ఒక ధీమా. మా ఆయన పోయింది ఆ రోజుల్లోనే. 2004 ఏప్రిల్‌లో గవర్నమెంటు ఫ్రీగా మందులివ్వడం మొదలెట్టకముందు, నెలల తరబడి జ్వరం, విరేచనాలు, చివరికి మంచం మీద ఎముకలే మిగిలాయి.

పోయినేడు ఎండాకాలంలో నా ఒంట్లో తేడా మొదట కనిపెట్టింది కాటా మీద కాదు, టేపుతో. నా జాకెట్లు నేనే కుట్టుకుంటా కాబట్టి నా కొలతలు కూడా పుస్తకంలో ఉంటాయి. చేతి లూజు ఒక అంగుళం పైనే తగ్గింది, నడుం మాత్రం అట్లానే ఉంది, పైగా కొంచెం బిగుతు. చేతులు సన్నబడి పొట్ట అట్లానే ఉండటం ఏంటి అని అప్పుడే అనుమానం వచ్చింది. దాంతోపాటు పెద్ద కత్తెర పట్టుకుని నాలుగు మడతల గుడ్డ కత్తిరించాలంటే చెయ్యి నొప్పి, రెండో అంతస్తు మెట్లెక్కితే తొడలు వణుకు. షాపుకొచ్చేవాళ్లేమో "అక్కా, భలే సన్నబడ్డావే, ఏం డైటింగ్ చేస్తున్నావ్" అని మెచ్చుకుంటుంటే ఏం చెప్పాలి, నేను డైటింగూ చెయ్యలేదు, వాకింగూ చెయ్యలేదు, మామూలుగా రెండు పూటలా అన్నం తింటున్నా. అసలు సంగతి అదే, మనం తగ్గాలని ఏమీ చెయ్యకుండా తగ్గుతుంటే అది మెచ్చుకోవాల్సింది కాదు.

మెడికల్ షాపు దగ్గర కాటా ఎక్కితే 48. ఏఆర్టీ పుస్తకం తీసి చూస్తే ఐదారు నెలల కింద 54, తర్వాత 52. మందులు మూడు నెలలకి ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి బరువు చూసేది కూడా మూడు నెలలకోసారే, ఆ మధ్యలో ఏం జరుగుతుందో మనమే చూసుకోవాలి. లెక్క చాలా తేలిక, మన మామూలు బరువులో పదో వంతు పోయిందంటే, కారణం తెలీదంటే, అది పెద్ద విషయమే, 54కి పదో వంతు ఐదున్నర కిలోలు, నాకు ఆరు పోయాయి. అంతదాకా కూడా ఆగక్కర్లేదు, ఇరవయ్యో వంతు పోయినా, అంటే రెండున్నర మూడు కిలోలు పోయినా డాక్టరుకి చెప్పొచ్చు.

మా చెల్లికి నా సంగతి తెలుసు, తను దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లింది, అక్కడ బలానికని ఇంజెక్షను, ప్రోటీన్ పొడి డబ్బా రాసిచ్చారు, ఎందుకు తగ్గావని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పొడి కొనకుండా నా మందుల డేట్ ఇంకా రాకపోయినా ఏఆర్టీ సెంటర్‌కే పోయా. డేట్ కాకపోయినా ఒంట్లో బాగాలేకపోతే పోవచ్చు, చాలామందికి ఇది తెలీదు.

అక్కడ కౌన్సెలింగ్ చేసే ఆవిడ నాలుగు ప్రశ్నలు అడిగింది, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు. వీటిలో ఒక్కదానికి అవునన్నా టీబీ కోసం చూస్తారంట. గుంటూరు ఎండల్లో చెమట పట్టనిదెవరికి, కానీ ఫ్యాన్ కింద తెల్లవారుజామున దిండు తడిసిపోవడం వేరే అని అప్పుడు చెప్పా. డాక్టరుగారు నా జబ్బలు, కణతలు నొక్కి చూశారు. నేను ఆయన్ని అడిగింది ఏంటంటే, చాలా ఏళ్ల కింద స్టావుడిన్ అనే మాత్ర వాడినప్పుడు కూడా నా బుగ్గలు లోపలికి పోయాయి గదా, ఇదీ అదేనా అని. ఆయన చెప్పింది, "అప్పుడు కరిగింది కొవ్వమ్మా, బలం తగ్గలేదు, ఇప్పుడు కండ పోతోంది, అందుకే కత్తెర పట్టలేకపోతున్నావ్."

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష చేస్తే వైరస్ కనపడని స్థాయిలోనే ఉంది. అంటే మందు పనిచేస్తోంది, మరి ఎందుకు తగ్గుతున్నా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు, రిపోర్టు బాగుంది గదా అని. ఆయన ఆగలేదు. షుగరు, థైరాయిడ్ చూశారు, మామూలే. నోట్లో తెల్లపూత ఉందేమో, మింగడం కష్టంగా ఉందేమో, దిగులుతో తిండి మానేశావేమో అని కూడా అడిగారు. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష రెంటిలో ఏమీ లేదు. నేను నడుం కొలత సంగతి చెప్పాక కడుపు స్కానింగ్ రాశారు, అందులో గడ్డలు, నీరు కనిపించాయి. ఆ నీరు కొంచెం సూదితో తీసి పరీక్ష చేస్తే కడుపులో టీబీ అని తేలింది. నీరు ఉండబట్టి కాటా కూడా అసలుకంటే ఎక్కువే చూపించిందన్నమాట, కండ పోయింది ఆరు కిలోల లెక్క కంటే ఇంకా ఎక్కువ.

టీబీ మందులు ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు కలిపిన మాత్రలు, తర్వాత మూడు రకాలవి, ఎన్ని వేసుకోవాలో బరువుని బట్టి, నాకు రోజుకి మూడు. ముఖ్యమైన విషయం, టీబీ మందులో ఉండే రిఫాంపిసిన్ మన ఏఆర్టీలో ఉండే డొలుటెగ్రావిర్ పవర్‌ని తగ్గించేస్తుంది, అందుకే పన్నెండు గంటల తేడాతో ఇంకో 50 మిల్లీగ్రాముల డొలుటెగ్రావిర్ మాత్ర విడిగా ఇస్తారు, టీబీ కోర్సు అయిపోయాక కూడా రెండు వారాలు వేసుకోవాలి. బయట ప్రైవేటులో టీబీ వైద్యం చేయించుకునేవాళ్లు మాత్రం ఏఆర్టీ వాడుతున్నామని ఆ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. టీబీ ఉన్నవాళ్లకి తిండికని గవర్నమెంటు నెలకి 1000 రూపాయల లెక్కన బ్యాంకులో వేస్తుంది, నేను ఆ డబ్బుల్తో గుడ్లు, వేరుశనక్కాయలు కొనుక్కున్నా, ముద్దపప్పులో నెయ్యి ఎక్కువేసుకున్నా. ఆకలి మూడో వారం నుంచి తిరిగొచ్చింది.

బరువు 53కి వచ్చింది గానీ బలం రావడానికి ఇంకా టైం పట్టింది, ముందు కొవ్వు వస్తుంది, కండ నిదానం. రోజూ కుర్చీలోంచి చేతులూతం లేకుండా లేవడం, నీళ్ల బాటిళ్లు ఎత్తడం చేస్తున్నా.

మా ఏఆర్టీ సెంటర్‌లో పరిచయమైన ఒకతను, మిర్చి యార్డులో మూటలు మోస్తాడు, బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నానక్కా అన్నాడు మొన్న. సెంటర్‌కి పోతే రోజు కూలీ పోతుందని డేట్ దాకా ఆగుతానన్నాడు. బరువు ఎంత నుంచి ఎంతకి, ఎన్ని నెలల్లో, కావాలని తగ్గలేదు అని కాగితం మీద రాయించి, సోమవారం పొద్దున్నే ఓపీకి పంపించా. సెంటర్‌కి పోయే వీల్లేనివాళ్లు ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.